పాస్‌బుక్‌లో లేని పేరు: ఐలమ్మ ఈ రోజు ఆఫీసుకు వస్తే ఏమంటారు?

నమస్కారం. ఈ రోజు ఒక తిట్టుతో మొదలుపెడుతున్నాను. పోరంబోకు.

చిన్నప్పుడు స్కూలు ఎగ్గొట్టి చెరువు గట్టు మీద తిరుగుతుంటే మా తాత అనేవాడు, "పోరంబోకు లెక్క తిరుగుతున్నవేందిరా" అని. మీ ఇంట్లో కూడా అనే ఉంటారు. పనీపాటా లేనివాడు, ఎవరికీ చెందనివాడు, ఎందుకూ కొరగానివాడు అని అర్థం. ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలుసా? రెవెన్యూ లెక్కల్లో. తమిళంలో పుఱంబోక్కు అంటారు, లెక్కకు వెలుపల ఉన్నది అని. అంటే శిస్తు రాని నేల. చెరువు, వాగు, శ్మశానం, బండ్ల బాట, పశువులు మేసే బీడు, వీటన్నింటికీ సర్కారు పుస్తకంలో రాసిన పేరు అది. ఊరంతా తాగే నీళ్లు, ఊరంతా నడిచే దారి, ఊరంతా చివరికి చేరే చోటు. సర్కారుకు పైసా రాదు కాబట్టి పోరంబోకు. ఆ మాటనే తెచ్చి మనం మనుషులకు తగిలించాం!

ఈ వీడియోలో నేను చెప్పేది ఒకటే మాట. పదిసార్లు చెప్తాను, విసుక్కోకండి. మన తెలుగు సమాజాన్ని తయారు చేసింది నేల అనుకుంటున్నాం, నేల మీద రాసిన రికార్డు తయారు చేసింది. రికార్డులో పేరు ఉంటే మనిషి. లేకపోతే పోరంబోకు. కులం గురించి మాట్లాడండి, పార్టీల గురించి మాట్లాడండి, ఏ గొడవ తీసుకున్నా అడుగున ఒక పహాణీయో అడంగలో, అంటే ఏ భూమి ఎవరిదో రాసే ఊరి లెక్క ఒకటి, దొరుకుతుంది నాకు.

సరే, పాస్‌బుక్ మీద ఫొటో గొడవ మీకందరికీ తెలుసు. తాతలిచ్చిన పొలానికి నాయకుడి ఫొటో ఏంటి అని 2024 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఎంత రచ్చ జరిగిందో చూశారు. గట్ల మీద పాతిన సర్వే రాళ్ల మీద కూడా పేరు చెక్కించారు. భూమి ఎవరిదో సర్కారే తేల్చి రాసే ల్యాండ్ టైట్లింగ్ చట్టం వస్తే మీ భూమి పోతుందని ఒకరు, అదంతా అబద్ధం అని ఇంకొకరు. సివిల్ కోర్టుకు వెళ్లే దారి మూసేశారని లాయర్లు రోడ్డెక్కారు. ఆ కోపంలో న్యాయం ఉంది, నేను కాదనను. మా అమ్మమ్మ ఊరు పల్నాడులో. అక్కడ మా మామయ్య ఆ పాస్‌బుక్ తిరగేసి బీరువాలో పెట్టాడు, అట్ట కనబడకుండా. ప్రభుత్వం మారింది, చట్టం రద్దయింది, ఫొటో తీసేసి రాజముద్ర వేస్తామన్నారు. చప్పట్లు.

అట్ట మీద ఎవరి బొమ్మ ఉండాలి అన్న దాని మీద ఒక రాష్ట్రం రాష్ట్రమే ఊగిపోయింది. లోపలి పేజీలో ఎవరి పేరు లేదు అని ఎవరు అడిగారు? చెప్పండి. ఏ టీవీ డిబేట్‌లో విన్నారు?

ఇప్పుడు మా ఊరికి రండి. నల్గొండ జిల్లా. మా ఇంటి పక్కన ఒక పెద్దమ్మ ఉంది. మూడెకరాల చెలక కౌలుకు చేస్తది, పత్తి వేస్తది. పన్నెండేళ్లుగా అదే చెలక. ఆ భూమి ఎవరిదంటే, వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు, ఏడాదికోసారి వచ్చి కౌలు పట్టుకుపోతారు. పెద్దమ్మ భర్త చనిపోయినప్పుడు నేను ఊళ్లోనే ఉన్నా. రైతు చనిపోతే ఐదు లక్షల బీమా వస్తుందని ఎవరో చెప్పారు. రైతు బీమా 2018లో వచ్చింది, నిజమే, 18 నుంచి 59 ఏళ్ల మధ్య రైతులకు. సరే పెద్దమ్మా పద అని నేనే బండి మీద తీసుకుపోయాను.

ఆమె ఏం తెచ్చుకుందో చెప్పనా? ఒక పాలిథిన్ కవరు. విత్తనాల షాపు వాళ్లు ఇచ్చే పసుపు రంగు కవరు, మూతి దగ్గర రబ్బరు బ్యాండు. దాంట్లో పన్నెండేళ్ల బిల్లులు. పత్తి విత్తనాల బిల్లు, పురుగు మందు బిల్లు, ఎరువు బస్తాల బిల్లు, పత్తి మిల్లులో తూకం వేసిన చిట్టీలు. కొన్నింటి మీద సిరా ఎగిరిపోయి తెల్ల కాగితాలై ఉన్నాయి. అయినా పడేయలేదు. ఆఫీసులో బల్ల మీద ఒక్కొక్కటి తీసి, అరచేత్తో సాఫు చేసి, వరుసగా పెట్టింది. "ఇగో సారు, ఇది మంచిగ కాలమైన ఏడు. ఇది గులాబీ పురుగు వచ్చిన ఏడు" అని చూపించుకుంటూ పోతోంది. సారు ఓపిగ్గానే విన్నాడు. విని, "పాస్‌బుక్ ఉందా అమ్మా?" అన్నాడు.

అంతే. అక్కడితో అయిపోయింది. ఎందుకంటే ఆ బీమా పట్టాదారుకు. ఆమె భర్త పట్టాదారు కాడు. పన్నెండేళ్లు దున్నినవాడు సర్కారు దృష్టిలో రైతే కాడు! హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో ఉండే ఆయన రైతు. ఆ ఆఫీసులో మనిషి తప్పు కాదిది, ఆయన ముందున్న కంప్యూటర్‌లో ఆమె భర్త పేరు ఎక్కడానికి గడే లేదు.

ఆ గడి గురించే ఇప్పుడు మాట్లాడాలి. పాత పహాణీ చూసినవాళ్లు చెప్పండి. ఎన్ని కాలమ్స్ ఉండేవి! సర్వే నంబరు, విస్తీర్ణం, తరి అంటే మాగాణి ఎంత, ఖుష్కి అంటే మెట్ట ఎంత, నీళ్లు ఎక్కడి నుంచి, ఏ పంట, చెట్లు ఎన్ని. వాటిలో రెండు కాలమ్స్ పక్కపక్కన ఉండేవి. ఒకటి పట్టాదారు. రెండోది అనుభవదారు.

అనుభవదారు. ఎంత చక్కటి మాటండీ అది. భూమి ఎవరి పేరున ఉంది అనేది ఒక లెక్క. భూమిని ఎవరు అనుభవంలో పెట్టుకున్నారు, ఎవరు దున్నుతున్నారు, ఎవరి కాళ్లకు ఆ బురద అంటుతోంది అనేది ఇంకో లెక్క. ఈ రెండూ వేరు వేరు అని నిజాం కాలం రికార్డులకు తెలుసు, మద్రాసు కాలం అడంగల్‌కు తెలుసు. గుర్రం మీద వచ్చి పట్వారీ రాసుకున్న పుస్తకానికి తెలుసు. 2020లో తెలంగాణలో తెచ్చిన భూ రికార్డుల పోర్టల్ ధరణికి తెలియలేదు. రికార్డుల ప్రక్షాళన అని మొదలుపెట్టి, ధరణి వచ్చేసరికి అనుభవదారు కాలమ్ ఎగిరిపోయింది. సాఫు చేశాం అన్నారు. నిజమే, దున్నేవాణ్ని సాఫు చేశారు.

వాళ్ల లాజిక్ కూడా చెప్తాను. పట్వారీలు ఆ కాలమ్‌ను అడ్డం పెట్టుకుని వేరేవాళ్ల పేర్లు రాసేసి భూములు కొట్టేశారు, అందుకే తీసేశాం అన్నారు. జరిగాయి అలాంటివి, కాదనడం లేదు. ఎలుకలు పడ్డాయని గాదె తగలబెడతారా?

అదే ఊపులో 2018లో వచ్చిన పెట్టుబడి సాయం పథకం, రైతుబంధు. ఎకరానికి సీజన్‌కు నాలుగు వేలు. ఎవరికి? పాస్‌బుక్ ఉన్నవాళ్లకు. కౌలు రైతులకు ఇవ్వబోమని ముఖ్యమంత్రే బాహాటంగా చెప్పారు. 2023 ఎన్నికల్లో అవతలి పార్టీ వచ్చి కౌలు రైతులకూ ఇస్తామంది. గెలిచింది. ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. మా పెద్దమ్మ ఇంకా ఆ పసుపు కవరు దాచుకునే ఉంది. నేను ఏ పార్టీవాణ్నో కామెంట్లలో వెతుక్కోకండి. అందరినీ కలిపే అడుగుతున్నా.

ఇక్కడొక పేరు చెప్తాను. చిట్యాల ఐలమ్మ. చాకలి ఐలమ్మ అని మనందరికీ తెలిసిన పేరు. ట్యాంక్‌బండ్ మీద నినాదాల్లో వింటాం, ఊరూరా విగ్రహాలు, కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరే పెట్టారు. పాలకుర్తి ఐలమ్మ ఎందుకు కొట్లాడింది? విసునూరు దేశ్‌ముఖ్ ఆమె పంటను గుంజుకోవాలని చూశాడు. ఆ పంట ఏ భూమిలో పండింది? మల్లంపల్లి దొర దగ్గర కౌలుకు తీసుకున్న భూమిలో.

మళ్లీ వినండి. కౌలుకు తీసుకున్న భూమిలో!

ఐలమ్మ పట్టాదారు కాదు. ఐలమ్మ కౌలు రైతు. తెలంగాణ సాయుధ పోరాటానికి మనం పెట్టుకున్న ముఖమే ఒక కౌలు రైతుది. దొర మనుషులు వస్తే ఆంధ్ర మహాసభ సంఘం తోడు నిలబడింది, వడ్లు ఐలమ్మ ఇంటికి చేరాయి. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు పడిపోయింది కూడా ఆ దేశ్‌ముఖ్‌తో కొట్లాటలోనే. "దున్నేవాడిదే భూమి" అని అరిచింది ఆ జనమే. పట్టా ఉన్నవాడిదే భూమి అని వాళ్లు అరవలేదు కదా. ఇప్పుడు ఐలమ్మ ఒక చేత్తో రోకలి పట్టుకుని మన ఆఫీసుకు వచ్చి, ఎకరానికి పెట్టుబడి సాయం ఇవ్వండయ్యా అంటే ఏమంటారు? గోడ మీద ఆమె ఫొటో ఉంటుంది. ఆ ఫొటో కింద కూర్చుని, "పాస్‌బుక్ ఉందా అమ్మా?" అంటారు.

నాకు నిద్ర పట్టనిది ఈ ఒక్క ముక్క దగ్గరే. సరే, ముందుకు పోదాం.

అసలు ఈ కాగితం ఎలా వచ్చిందో త్వరగా చెప్పేస్తాను. తెలుగు నేల ఒకటే గానీ, మన కాగితాలు మూడు రకాలు. కోస్తాలోని సర్కారు జిల్లాల్లో 1802లో ఇంగ్లీషువాళ్లు ఎప్పటికీ మారని శిస్తు ఖాయం చేసి జమీందార్లకు అప్పగించారు. రాయలసీమలో థామస్ మన్రో వచ్చి రైతు పేరునే నేరుగా పట్టా రాశాడు, రైత్వారీ అన్నారు దాన్ని. నిజాం ఇలాకాలో జాగీర్లు, మక్తాలు, దేశ్‌ముఖ్‌లు. మూడు కాగితాలు, మూడు సమాజాలు. జమీందారు కింద ఉన్న రైతు సర్కారు మొహం చూసింది లేదు, దివాణం మొహం చూశాడు. 1940లో మందసలో గున్నమ్మ కాల్పుల్లో చనిపోయింది జమీందారు మీద తిరగబడే. సీమ రైతు నేరుగా కచేరీకే వెళ్లాలి. తెలంగాణలో జాగీర్లు పోయిందే 1949లో.

ఇది నా ఒక్కడి పైత్యం అనుకునేవాళ్లకు ఒక మాట. అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2005లో దేశమంతా జిల్లాల వారీగా లెక్కలు తీశారు. బ్రిటిష్‌వాళ్లు జమీందార్లకు అప్పగించిన జిల్లాలూ, అప్పగించని జిల్లాలూ. జమీందారీ రద్దయిపోయి దశాబ్దాలు గడిచాక కూడా, ఆ జిల్లాలు సాగులో వెనకబడే ఉన్నాయి, బడులూ ఆసుపత్రుల్లో పెట్టుబడి కూడా తక్కువే. దొర పోయాడు, జమీందారు పోయాడు, కాగితం పోయింది, దాని నీడ పోలేదు. మీ జిల్లాలో బడి ఎందుకు ఇలా ఉందో అని కోపం వచ్చినప్పుడు 1802 గుర్తు చేసుకోండి.

మా ఇంట్లో ఈ మూడింటిలో రెండు కాపురం చేశాయి. అమ్మది పల్నాడు, నాయనది నల్గొండ. అమ్మకు భూమి అంటే సెంట్లు, నాయనకు గుంటలు. ఎకరానికి వంద సెంట్లు అని ఆమె, నలభై గుంటలు అని ఈయన. అమ్మ ఎవరినైనా జాలి పడితే "పాపం సెంటు భూమి లేదు" అంటది. నాయన అదే మనిషిని చూసి "గుంట జాగ లేదు పాపం" అంటడు. గుంట అంటే 33 అడుగులకు 33 అడుగుల చదరం. సెంటు దానికంటే చిన్నది, 48 గజాల చిల్లర. అడంగల్ అని ఆమె, పహాణీ అని ఈయన. కరణం అని ఆమె, పట్వారీ అని ఈయన. మెట్ట, చెలక. కృష్ణ దాటితే నేల రంగు మారదు గానీ నేలను పిలిచే భాష మొత్తం మారిపోతుంది! మనం ఒకే భాష మాట్లాడుకుంటున్నాం అనుకుంటాం కదా, పొలం గట్టు దగ్గరికి వచ్చేసరికి రెండు సర్కార్ల భాష మాట్లాడుతున్నాం. రెండు రాష్ట్రాలు కలిసి ఉన్న రోజుల్లో ఒకరికొకరు అర్థం కాలేదంటే నాకు ఆశ్చర్యం లేదు. అలవాట్లు వేరు కావడానికి ముందే రికార్డులు వేరు.

ఇంకో విషయం గమనించారా, మన ఇంటిపేర్లు. వేమూరి, తాడేపల్లి, దువ్వూరి. ఇవన్నీ ఊళ్లు. ఎప్పుడో ఎన్ని తరాల కిందో వదిలేసి వచ్చిన ఊరు పేరును నెత్తిన పెట్టుకుని తిరుగుతాం మనం. డాలస్‌లో పుట్టిన పిల్లాడి పాస్‌పోర్టులో గుంటూరు జిల్లా ఊరు ఒకటి ఉంటుంది, వాడు దాన్ని చూసి ఉండడు. రైల్లో కొత్త మనిషి కనబడగానే మన మొదటి ప్రశ్న "మీదే ఊరండీ?" పెళ్లి సంబంధం దగ్గర రెండో ప్రశ్న "పొలం ఏమాత్రం ఉంది?" అమెరికాలో నెలకు పది వేల డాలర్లు తెచ్చుకునేవాడు కూడా ఊళ్లో ఒక ఎకరం ఉండాలిరా అంటాడు. వాడు ఆ ఎకరం దున్నడు. దున్నేవాడి పేరు కూడా వాడికి తెలియదు. వాడికి కావలసింది ఆ పుస్తకం.

తప్పు పట్టడం లేదు. మా తాత కూడా అంతే. ఆయన ట్రంకు పెట్టె గురించి చెప్పకుండా ఉండలేను. ఆకుపచ్చ రంగు ఇనప పెట్టె, మంచం కింద ఉండేది. కాగితాలన్నీ పాత ధోవతి ముక్కలో చుట్టి, మధ్యలో కలరా ఉండలు పెట్టేవాడు. సంక్రాంతి ముందు ఎండ బాగా కాసిన రోజు చూసి వాకిట్లో గొంగడి పరిచి ఆ కాగితాలన్నీ ఆరబెట్టేవాడు. గాలికి ఎగరకుండా ఒక్కొక్కదాని మీద ఒక్కో చింతగింజల గుప్పెడు. ఆయనకు చదువు రాదు. కానీ ఏ కాగితం ఏదో తెలుసు. మూల చిరిగింది బావి దగ్గరి తరి పొలం. నూనె మరక పడింది మా నాయనమ్మ పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం. ఒకటి స్టాంపు లేని తెల్ల కాగితం, సాదా బైనామా, దాన్ని మాత్రం మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ముట్టుకుంటే అక్షరాలు రాలిపోతాయన్నట్టు చూసేవాడు. ఆ కాగితం మీద నమ్మకం లేకే ఆయన అంత భద్రంగా చూసుకున్నాడని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

మన దేశంలో రిజిస్ట్రేషన్ అంటే ఏంటో తెలుసా? అమ్మకం జరిగిందని రాసుకోవడం, అంతే. ఈ భూమి నీదే అని సర్కారు గ్యారంటీ ఇవ్వడం కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అలాగే ఉంది. సర్కారే గ్యారంటీ ఇచ్చే పద్ధతి ఒకటుంది, టోరెన్స్ పద్ధతి అంటారు. ఆంధ్రప్రదేశ్ టైట్లింగ్ చట్టం ఆ తోవలో తెచ్చిందే. ఆ పద్ధతి ఎక్కడిది? దక్షిణ ఆస్ట్రేలియాది. 1858లో అక్కడ మొదలైంది.

కొంచెం పక్కకు పోతున్నా, కానీ ఇది వినాలి మీరు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో ఆ నేల ఎవరిది? ఎన్నో వేల ఏళ్లుగా అక్కడే ఉన్న ఆదివాసులది. ఇంగ్లీషువాళ్లు వచ్చి ఇది ఎవరికీ చెందని నేల అన్నారు. దున్నినట్టు లేదు, కంచె లేదు, కాగితం లేదు. ఖండం మొత్తాన్ని పోరంబోకు అనేశారు! అలా అని, దాన్ని ముక్కలు చేసి, ముక్కముక్కకీ బ్రహ్మాండమైన పక్కా కాగితం రాశారు. ప్రపంచంలోనే మేలైన టైటిల్ కాగితం, కింద నేల మాత్రం గుంజుకున్నది. అక్కడి ఆదివాసులు ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు నేలను కంట్రీ అంటారు. దేశం అనే అర్థంలో కాదు. మేనత్త గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు, దానితో మాట్లాడతారు, దాని ఆరోగ్యం అడుగుతారు. నేల మాది అనడం కంటే మేము నేలవాళ్లం అనడం వాళ్ల పద్ధతి. మర్రే దీవికి చెందిన ఎడ్డీ మాబో పదేళ్లు కేసు నడిపాడు. 1992 జూన్‌లో తీర్పు వచ్చింది, ఎవరికీ చెందని నేల అన్న మాట చెల్లదని. తీర్పు వినడానికి ఆయన లేడు, ఆ జనవరిలోనే చనిపోయాడు.

మన అడవిలో ఇదే కథ. జోడేఘాట్‌లో 1940లో కొమురం భీం చనిపోయింది దీని కోసమే. జల్, జంగల్, జమీన్. పోడు కొట్టుకునే గోండుకు, కోయకు కాగితం ఎందుకుంటుంది? తర్వాత 1970లో ఆదివాసుల భూమి బయటివాళ్లకు పోకూడదని 1/70 చట్టం వచ్చింది, 1997లో ఆ భూముల్ని ప్రైవేటు గనులకు ఇవ్వొద్దని సమత తీర్పు వచ్చింది, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఇన్ని వచ్చాక కూడా వానాకాలం మొదలవగానే పోడు భూముల్లో ఫారెస్టువాళ్లకూ ఆదివాసులకూ తోపులాట వీడియోలు మీ ఫోన్లకు వస్తూనే ఉంటాయి.

తిరిగి మన పోరంబోకుకు వస్తా. శిస్తు రాని నేలను చిన్నచూపు చూస్తే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో విజయవాడ చూసింది. బుడమేరు. వాగు పోరంబోకు కదా, పూడ్చుకుంటూ పోయారు, కట్టుకుంటూ పోయారు. వాగుకు పాస్‌బుక్ లేదు కాబట్టి దానికి అడ్డం పడేవాడు లేడు. సింగ్‌నగర్‌లో జనం మిద్దెల మీద కూర్చుని పాల ప్యాకెట్ల కోసం చేతులు చాచారు. అదే ఏడాది హైదరాబాద్‌లో చెరువుల్లో కట్టినవి కూలగొట్టడానికి హైడ్రా అని ఒక వ్యవస్థనే పెట్టాల్సి వచ్చింది. ఇంకోవైపు 2023లో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. వంద కోట్లు! ఆ ఎకరంలో ఒకప్పుడు జొన్న పండించినవాళ్లు ఏ బస్తీలో ఉన్నారో ఎవరైనా వెళ్లి వెతికారా?

ఇప్పుడు మీరు అడుగుతారు, మరి ఓనర్లు కౌలు కాగితం ఎందుకు రాయరు అని. మంచి ప్రశ్న. భయం. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. ఎన్నేళ్లుగానో దున్నుతున్న కౌలుదారును రక్షిత కౌలుదారు అని, తర్వాత 38-ఇ సెక్షన్ కింద ఓనర్‌నే చేసింది. గొప్ప చట్టం. దాని నుంచి భూస్వాములు నేర్చుకున్న పాఠం ఏంటంటే, ఇంకెప్పుడూ కౌలుదారు పేరు కాగితం మీద పడనీయకూడదు అని. అంతే, డెబ్భై ఏళ్లుగా కౌలు నోటి మాటే. అటు ఆంధ్రాలో 2011లో గుర్తింపు కార్డు అన్నారు, 2019లో పదకొండు నెలల ఒప్పందం, సాగుదారు హక్కు పత్రం అన్నారు. 2019 చట్టంలో ఓనర్ సంతకం పెట్టాలి. ఓనర్ పెట్టడు. పెడితే భూమి పోతుందేమో అని టెన్షన్. ఎవరు సంతకం పెట్టకపోతే తన బతుకు ఆగిపోతుందో, వాళ్ల కాళ్ల దగ్గరికే కౌలు రైతును పంపించే చట్టం అది! చేతులు కట్టుకుని, "అయ్యా, ఒక్క సంతకం" అని నిలబడాలి. దొరల గడీ ముందు నిలబడటానికీ దీనికీ ఎంత తేడా ఉంది?

ఆడవాళ్ల సంగతి ఒక్క ముక్క. 1986లోనే ఎన్టీఆర్ ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చారు, దేశం మొత్తానికి అది వచ్చింది 2005లో. మా మేనత్తలు నలుగురు. నలుగురూ సంతకాలు పెట్టి వెళ్లిపోయారు, చీరలు పెట్టి పంపాం. పంట కోతలకు మాత్రం నలుగురూ వచ్చేవాళ్లు. నాట్లు వేసింది వాళ్లు, కలుపు తీసింది వాళ్లు. ఆ పుస్తకంలో వాళ్లు లేరు.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు దళిత కుటుంబాలు కూర్చుని ఎనభై ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. అలా భూదానం పుట్టింది. నేను ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఇచ్చినాయన గురించి కాదు, అడిగినవాళ్ల గురించి ఆలోచిస్తాను. బంగారం అడగలేదు, ఉద్యోగం అడగలేదు. దున్నుకుంటాం అన్నారు. అనుభవదారులం అవుతాం అన్నారు.

అందుకే నా డిమాండ్ చాలా చిన్నది. ఫొటో ఏది వేసుకుంటారో వేసుకోండి. రాజముద్ర వేసుకోండి, కమలమో గులాబీయో వేసుకోండి, నాకు అక్కర్లేదు. ఆ పట్టాదారు పక్కన ఇంకో గడి పెట్టండి. యాజమాన్యం మార్చవద్దు, ఓనర్ భూమి ఓనర్‌దే, భయపడకండి. ఈ ఫసలీలో, అంటే ఈ రెవెన్యూ ఏడాదిలో, ఈ సర్వే నంబరులో దున్నింది ఫలానా మనిషి అని రాయండి. జులై 1న కొత్త ఫసలీ మొదలవగానే మళ్లీ చూసి మళ్లీ రాయండి. ఓనర్ సంతకంతో పని లేకుండా, గ్రామసభలో పేర్లు చదివి, ఊరంతా అవునంటే రాసేయండి. ఎవరు దున్నుతున్నారో ఊరికి తెలియదా? మా ఊళ్లో చిన్న పిల్లాణ్ని అడిగినా చెప్తాడు, ఆ చెలక పెద్దమ్మదని.

నిన్న రాత్రి మా అమ్మమ్మ ఊరి అడంగల్ ఆన్‌లైన్‌లో తీసి చూశాను. అక్కడ అనుభవదారు కాలమ్ ఇంకా ఉంది. మా మామయ్య సర్వే నంబరు కొట్టాను. పట్టాదారు, మా మామయ్య పేరు. అనుభవదారు, అదీ మా మామయ్య పేరే. మామయ్య నరసరావుపేటకు మారి తొమ్మిదేళ్లయింది. ఆ పొలం మిరప వేసి చేస్తున్నది వేరే కుటుంబం. ఫోన్ చేసి అడిగాను, "ఏంటి మామయ్యా ఇది?" అని. కాసేపు మాట్లాడలేదు. "చూద్దాంలేరా" అన్నాడు.

మీరూ చేయండి ఈ పని. మీ ఊరి పేరు, మీ సర్వే నంబరు కొట్టి చూడండి. ఆ కాలమ్‌లో ఎవరి పేరుందో, నిజంగా దున్నేది ఎవరో కామెంట్‌లో రాయండి. మనుషుల పేర్లు వద్దు, "ఒకటే పేరు" అనో "రెండు పేర్లు" అనో రాస్తే చాలు, నేను కూర్చుని లెక్కపెడతాను.

మా పెద్దమ్మ ఈ వానాకాలం కూడా పత్తే వేసింది, అదే మూడెకరాల్లో. మొన్న విత్తనాలకు షాపుకు పోయినప్పుడు బిల్లు అడిగి తీసుకుంది. మడతపెట్టి ఆ పసుపు కవరులో పెట్టింది, రబ్బరు బ్యాండు తెగిపోతే నా దగ్గర ఇంకోటి అడిగి తీసుకుంది.